గొడుగు మార్కా, డాట్ మిర్చి

నేను అడిగిన ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. ముందుగా ఈ సంగతి చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇంతకుముందు ఎక్కడ ఏం రాసినా అసలు సంగతి ఆఖర్న ఉందని, చోటు చాలలేదని, సరిగ్గా అక్కడే కత్తిరించారు. ఒక దినపత్రిక వాళ్ళు పాఠకుల పేజీలో ఒకసారి వేశారు గానీ, పైన ‘పల్లెలకూ ఇంటర్నెట్ కావాలి’ అని పేరు పెట్టారు. నేను ఆ మాట ఎక్కడా అనలేదు. ఇంటర్నెట్‌లో ఫలానా పేరు ఉంది, ఫలానా పేరు లేదు అని తేల్చే పెద్దరికం ఎవరికి ఎవరిచ్చారు అని మాత్రమే అడిగాను. ఆ జవాబు కోసం మా మామయ్య కొట్టు మార్కా ఏళ్ళ తరబడి ఆగి ఉంది. ఆయన ఇప్పటికీ ఫోను చేసి, బాగున్నావా అని అడగకముందే, జవాబొచ్చిందా అని అడుగుతాడు.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు, మా ఆవిడకు నాన్న. గుంటూరు మిర్చి యార్డులో ఆయనకు కమీషన్ కొట్టు ఉంది. రైతుల సరుకు అమ్మిపెట్టడమే కాక, తను కూడా కొని, బస్తాల మీద తన మార్కా వేసి కలకత్తాకూ ఇండోరుకూ పంపుతాడు. ఆయన మార్కా గొడుగు. రేకులో గొడుగు బొమ్మ కోసి, ఆ రేకును గోనె మీద ఆనించి, మసి రంగు అద్దితే బొమ్మ పడుతుంది. కలకత్తాలో ఆయన పేరెవరికీ తెలియదు, గొడుగు తెలుసు.

నేను చిలకలూరిపేటలో ఇంటర్నెట్ సెంటరు పెట్టాను. అప్పటికి పేటలో ఇంటర్నెట్ అంటే ఫోను బిల్లు పెరిగే కొత్త జబ్బు అనుకునేవాళ్ళు. నాలుగు కంప్యూటర్లు, ఒక టెలిఫోను లైను. ఆ లైను కోసం డిపార్ట్‌మెంటు ఆఫీసు మెట్ల మీద నాతోపాటు కూర్చున్నది మామయ్యే. కూర్చున్నవాడు ఊరికే కూర్చోకుండా, లోపలికి వెళ్ళే ప్రతి ఆఫీసరుకూ ‘మావాడు టైపు కొట్టు పెడుతున్నాడండి, కాస్త లైను ఇప్పించండి’ అని చెప్పాడు. టైపు కొట్టు కాదు మామయ్యా అని నేను మొత్తుకుంటే, ‘కూర్చుని కొట్టేదేగా?’ అన్నాడు. ఆ తరవాత ఒక పెళ్ళిలో, విస్తళ్ళ ముందు, బంధువులందరికీ నన్ను అలాగే పరిచయం చేశాడు. అది నేను మర్చిపోలేదు. ఏటా ఆవకాయల వేళకు మా ఇంటికి సరిపడా మిరపకాయ తనే ఏరించి, తొడిమలు తీయించి, దంపించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడన్నదీ మర్చిపోలేదు. బస్సంతా తుమ్ముతుంటే ఆయన ఒక్కడే తుమ్మకుండా దిగేవాడు.

నా సెంటరు పక్కనే పరుపుల షాపు ఉండేది. దాని యజమాని సాయిబు, నాకంటే కొంచెం చిన్నవాడు. నేను భాయ్ అనేవాణ్ణి, అతను అన్నా అనేవాడు. అతని దూది ఏకే మిషను తిరిగినంతసేపూ నా షాపులోకి తెల్లటి నుసి వచ్చి పడేది. కంప్యూటర్ల డబ్బాలు విప్పి ఆ దూది తీసి ఒక సంచిలో వేసేవాణ్ణి, సాక్ష్యం ఉండాలని. ఒకరోజు ఆ సంచి చూపించి తగువు పెట్టుకున్నాను. భాయ్ ఆ సంచి తీసుకెళ్ళి, నాలుగు రోజులకు దిండు కుట్టి తెచ్చి, ‘నీ సరుకే అన్నా, కుట్టుకూలి వద్దులే’ అని మా ఆవిడ చేతికిచ్చాడు. ఆ దిండు ఇంకా మా ఇంట్లో ఉంది, మెత్తగానే ఉంటుంది. దూది పట్టి కాలిపోయిన రెండు కంప్యూటరు ఫ్యాన్ల సంగతి మాత్రం తేలలేదు.

ఇలా ఉండగా ఒకరోజు మామయ్య గుంటూరు నుంచి పని కట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా కంప్యూటరు ముందు నిలబడి అడిగాడు.

“ఏరా, కలకత్తా సేటు మనం ఇంటర్నెట్‌లో ఉన్నామా అని అడిగాడు. మనం ఉన్నామా?”

అన్నేళ్ళలో నా షాపుకు పనొచ్చి ఆయన రావడం అదే మొదలు. ఉంటాం మామయ్యా, గొడుగు పేరుతోనే ఉంటాం అని మాట ఇచ్చేశాను. ఇచ్చాక చూస్తే గొడుగు డాట్ కామ్‌ను ఎవరో అప్పటికే తీసుకుని, లోపల ఒక్క ముక్క కూడా పెట్టకుండా, ‘ఈ పేరు అమ్మబడును’ అని బోర్డు పెట్టుకుని కూర్చున్నారు. గొడుగు అంటే ఏమిటో కూడా వాళ్ళకు తెలిసి ఉండదు. ఇదేం న్యాయం అని, పేర్ల వ్యవహారం చూసే పెద్ద సంస్థకు ఇంగ్లీషులో మెయిల్ రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. లేదు.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి, లేకపోతే నా గొడవ అర్థం కాదు. కంప్యూటర్లకు పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. మనం ఒక పేరు కొట్టగానే మన కంప్యూటరు ‘ఇది ఎక్కడుంది?’ అని అడుగుతూ పోతుంది. అలా అడగడం మొదలయ్యే చోట కొన్ని యంత్రాలుంటాయి, వాటిని రూట్ సర్వర్లు అంటారు. పేరు చివర చుక్క తరవాత వచ్చే తోకను బట్టి, కామ్ అయితే వాళ్ళను అడుగు, ఇన్ అయితే వీళ్ళను అడుగు అని దారి చూపడమే వాటి పని. వాటి జాబితాలో ఉన్న తోకే తోక. జాబితాలో లేకపోతే ప్రపంచంలో లేనట్టే. ఆ జాబితా ఆ పెద్ద సంస్థ చేతిలో ఉంది.

అయితే వాళ్ళ పెద్దరికం ఒప్పుకోనివాళ్ళు కూడా ఉన్నారని నాకు ఇంటర్నెట్‌లోనే ఒక చర్చా బృందంలో తెలిసింది. వాళ్ళు సొంతంగా వేరే రూట్ సర్వర్లు పెట్టుకున్నారు. మీ కంప్యూటర్లో ఒక్క చోట అంకెలు మార్చి ముందు మమ్మల్ని అడగండి, పాత పేర్లూ వస్తాయి, మేమిచ్చే కొత్త పేర్లూ వస్తాయి అన్నారు. అందులో ఒక గుంపుకు నా కష్టం అంతా రాశాను. మర్నాటికల్లా జవాబొచ్చింది. నా పేరు తప్పుగా రాశారు, అయినా పట్టించుకోలేదు. ఎవరూ వాడని తోక ఒకటి ఎంచుకో, ఒక కంప్యూటరు ఎప్పుడూ నడిపించు, ఆ తోక కింద పేర్లు నువ్వే ఇవ్వు అన్నారు. ఎక్కడో తెలియని ఊళ్ళో కూర్చున్న మనుషులు, పేట ఎక్కడుందో కూడా అడగకుండా, నన్ను నమ్మారు. వాళ్ళను ఈరోజు ఎవరెన్ని అన్నా నేను ఒక్క మాట పడనివ్వను.

నేను మిర్చి అనే తోక ఎంచుకున్నాను.

మామయ్యకు చెబితే ఆయన మొదట అడిగింది, తిప్పావా అని. యార్డులో కొత్త మార్కా పెట్టుకునేవాడు దాన్ని తిప్పాలి. అంటే కొత్త మార్కా వేసిన ఖాళీ గోనెను భుజాన వేసుకుని ప్రతి కొట్టు ముందూ పరిచి చూపించాలి. ఇది మాదానిలా ఉంది అని ఒక్కరు అడ్డం చెప్పినా ఆ మార్కా వదిలేయాలి. అందరూ సరే అంటే ఇక జీవితాంతం అది అతనిదే, ఎవరూ కాదనరు. దీనికి కాగితం లేదు, సంతకం లేదు. గొడుగు మార్కాను మామయ్య కుర్రతనంలో అలాగే తిప్పాడట. ఎండలో గొడుగేసుకుని గొడుగు మార్కా తిప్పాడని యార్డులో చాలాకాలం చెప్పుకున్నారు.

అందుకని మేం డాట్ మిర్చిని తిప్పాం. మామయ్య ముందు, నేను వెనక. గోనె మీద ఇంగ్లీషు అక్షరాల్లో గొడుగు డాట్ మిర్చి అని అద్దించి ప్రతి కొట్టుకూ తిరిగాం. నేను రూట్ సర్వర్ల గురించి చెప్పబోతే మామయ్య ఆపి, ‘అదంతా ఎందుకురా’ అని తనే చెప్పాడు: మిర్చి అనే పేరు మావాడు కంప్యూటర్లో నిలబెడుతున్నాడు, మీ మార్కా దాని ముందు తగిలిస్తాడు, ఎవరికైనా అభ్యంతరమా? ఒక పెద్దాయన గోనెను అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఈ చుక్క ఎందుకయ్యా, రంగు ఒలికిందా?’ అన్నాడు. అభ్యంతరం మాత్రం ఎవరూ చెప్పలేదు. అంతటితో ఆగకుండా వినుకొండ వెళ్ళాం, ఒంగోలు వెళ్ళాం, అక్కడి మిర్చి కొట్లలో కూడా గోనె పరిచాం. అందరూ సరే అన్నారు. మిర్చి పేరు పెట్టుకోవడానికి మిర్చివాళ్ళను కాక ఇంకెవరిని అడగాలి? ఈ మాటకు కూడా నాకు ఇంతవరకూ ఎవరూ బదులు చెప్పలేదు.

ఆ సీజనులో నా అంత తీరిక లేని మనిషి జిల్లాలో లేడు. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, ఒంగోలు, తెలిసిన ప్రతి ఇంటర్నెట్ సెంటరుకూ వెళ్ళి, బతిమాలి, టీ తాగించి, కంప్యూటర్లలో అంకెలు మార్చాను. భాయ్‌కి కూడా ఒక పేరిస్తానన్నాను.

“పరుపు డాట్ మిర్చా? పడుకున్నోడికి మంటెత్తదూ?” అన్నాడు.

అయినా పెట్టించుకున్నాడు. తన పరుపుల ఫొటో తెర మీద కనపడితే, మిషను ఆపేసి వచ్చి చేతులు తుడుచుకుని చాలాసేపు చూశాడు. మామయ్యకు ఆయన పేజీ చూపించిన రోజు నాకింకా బాగా గుర్తు. నల్ల గొడుగు, కింద ఎర్రటి కాయల ఫొటో. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి, పెట్టుకుని, తెరకు దగ్గరగా వంగి, “ఉన్నాంరా” అన్నాడు. గుంటూరు వెళ్ళగానే రేకు కోసే మనిషిని పిలిపించి కొత్త రేకు కోయించాడు. గొడుగు బొమ్మ కింద గొడుగు డాట్ మిర్చి. ఆ ఏడు కోల్డ్ స్టోరేజీ నుంచి బయటికి కదిలిన ఆయన బస్తాలన్నిటి మీదా అదే పడింది.

మొదటి ఫోను కలకత్తా నుంచి వచ్చింది. పేరు కొడితే అసలేమీ రావడం లేదని. అది నేను ఊహించిందే, అక్కడ అంకెలు ఎవరూ మార్చలేదు. ఎలా మార్చాలో రాసి పంపాను. సేటు గారు ఆ కాగితం పక్కన పెట్టి, సరుకు బాగుంది, ఇంటర్నెట్ తరవాత చూద్దాం అన్నాడట. రెండో ఫోను ఇండోరుది. అక్కడ పేరు పలికింది. పలికి, మాంసం వంటల పేజీ తెరుచుకుంది. ఆ సేటు ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. గొడుగువాళ్ళు మాంసం వ్యాపారంలోకి ఎప్పుడు దిగారు అని నేరుగా యార్డుకే ఫోను చేసి అడిగాడు.

తీరా కూపీ లాగితే తేలింది ఏమిటంటే, ఇండోరు సెంటరు వాడు కూడా నాలాంటివాడే. అంకెలు మార్చినవాడే. కాకపోతే వేరే గుంపులో చేరాడు. ఆ గుంపు జాబితాలో కూడా మిర్చి అని ఒక తోక ఉంది, దాన్ని ఎవరో వంటలాయనకు ఇచ్చారు. ఆయన చుక్కకు ముందు ఏ పేరు కొట్టినా తన వంటల పేజీయే వచ్చేట్టు పెట్టుకున్నాడు. ఒకే పేరు, మా గుంపును అడిగితే గొడుగు, వాళ్ళ గుంపును అడిగితే మాంసం కూర.

రెండు గుంపులకూ రాశాను. ముందు మేమిచ్చాం అని వీళ్ళు, మాకు ఎక్కువమంది ఉన్నారు అని వాళ్ళు. చర్చా బృందంలో పెద్ద సంస్థ పక్షాన మాట్లాడే ఒకాయన మర్యాదగా వివరంగా రాశాడు: అందుకే రూటు ఒక్కటే ఉండాలి అంటున్నాం, ఎవరికి వారు జాబితాలు పెట్టుకుంటే ఒక పేరు రెండు ఇళ్ళకు పోతుంది, పేరు మీద నమ్మకమే పోతుంది అని. ఆ మాటలో అబద్ధం లేదు. ఇండోరు సేటును అడిగితే సాక్ష్యం చెప్తాడు. పెద్ద ఒక్కడే ఉండాలంటే నేనూ ఒప్పుకుంటాను. ఆ పెద్ద మీరే ఎందుకయ్యారు, మా మిర్చి మీ జాబితాలోకి రావాలంటే ఎవరిని అడగాలి అని తిరిగి రాశాను. అక్కడితో ఆయన ఆగిపోయాడు. అంత మర్యాదస్తుడు ఆ తరవాత ఒక్క అక్షరం రాయలేదు.

హైదరాబాదులో ఇలాంటి విషయాల మీద సభ ఉందని తెలిసి చార్జీలు పెట్టుకుని వెళ్ళాను. చేయెత్తి, మైకు నా దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఇదే అడిగాను. వేదిక మీదాయన చాలా మంచి ప్రశ్న అన్నాడు, టీ తాగాక చూద్దాం అన్నాడు. టీ తాగాం. తరవాత వేదిక మీద వేరే ఆయన కూర్చున్నాడు. మంచి ప్రశ్న అన్నవాడు జవాబు చెప్పడని నేను ఆ రోజు నేర్చుకున్నాను. టీలో పంచదార కూడా తక్కువే.

ఈలోగా యార్డులో మామయ్యను ఆడుకోవడం మొదలైంది. ఆయన కొట్టు ముందు నుంచి వెళ్తూ, ‘ఇవ్వాళ ఏం కూర?’ అని అడిగేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టయింది. గుంటూరు వెళ్ళి, కలకత్తాలో పలకదు, ఇండోరులో ఎదురు పలుకుతుంది, రేకు మీంచి ఆ ముక్క తీసేద్దాం మామయ్యా అన్నాను. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టించుకోవడానికి తయారై, నా వైపు వాదన కూడా బస్సులో సిద్ధం చేసుకున్నాను. అదీ వృథా అయింది.

“తిప్పామా లేదా?” అన్నాడు.

తిప్పామన్నాను.

“ఎవడన్నా అడ్డం చెప్పాడా?”

లేదన్నాను.

“మరి ఎందుకు తీస్తాంరా? ఆ పెద్దాళ్ళెవరో ఉన్నారన్నావుగా, వాళ్ళను చెప్పమను. మీది కాదు అంటే రేపే తీసేస్తా. మీదే అంటే ఉంచుతా. నోరిప్పకుండా కూర్చున్నోడి కోసం మార్కా చెరుపుకుంటామా? నువ్వు రాయి. జవాబొచ్చేదాకా రేకు మారదు.”

అప్పటిదాకా నన్ను టైపు కొట్టువాడన్న మనిషి, యార్డంతా నవ్వుతుంటే నా పక్కన నిలబడ్డాడు. ఆ మాట ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు, చెబితే మళ్ళీ ఏదో ఒకటి అంటాడు. రాయమన్నాడు కాబట్టి రాస్తూ వచ్చాను. జవాబు రాలేదు కాబట్టి ఆయన రేకు మార్చలేదు.

కాలక్రమాన నన్ను నమ్మిన ఆ గుంపు సర్వర్లు ఒకదాని తరవాత ఒకటి మూగబోయాయి. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వెళ్ళేముందు ఒక మాట చెప్పి ఉండాల్సింది. ఇంటర్నెట్ సెంటర్లవాళ్ళు ఒక్కొక్కరే పాత అంకెలకు వెళ్ళిపోయారు. చివరికి గొడుగు డాట్ మిర్చి పలికే చోటు భూమ్మీద ఒక్క నా షాపే మిగిలింది, అదీ నా కంప్యూటర్లు నన్నే అడిగేట్టు నేను కట్టుకున్నాను కాబట్టి. మామయ్య పేట వచ్చినప్పుడల్లా ఒకసారి తెరిపించి చూసుకునేవాడు. వంటలాయన పేజీ కూడా ఎప్పుడో పోయింది. ఇండోరు సేటు మాత్రం ఇప్పటికీ మా సరుకును ‘డాట్ వాలా మాల్’ అనే అడుగుతాడట. వేరే ఊళ్ళ కొట్లవాళ్ళు గొడుగు బొమ్మ వేసి పంపినా, కింద ఆ అక్షరాలు లేకపోతే ఆయన బస్తా దించుకోడు. ఆ పేరు కంప్యూటర్లో పలకలేదు గానీ, గోనె మీద పలికింది.

ఈమధ్య ఆ పెద్ద సంస్థవాళ్ళే కొత్త తోకలు ఇస్తామని మాట్లాడుకుంటున్నట్టు చదివాను. రూటు ఒక్కటే ఉండాలి, కొత్తవి వస్తే కొంపలు మునుగుతాయి అన్నవాళ్ళే. ఈ మార్పుకు కారణమేమిటో కూడా ఎవరూ చెప్పలేదు, అది వేరే ఫిర్యాదు. దానికి వేరే రాస్తాను.

ఇప్పుడు తొందర ఎందుకొచ్చిందంటే, మామయ్య ఈ సీజనుతో కొట్టు మా ఆవిడకు అప్పగిస్తున్నాడు. ఆమె ఏడాదిగా వారానికి మూడు రోజులు గుంటూరు వెళ్ళి వస్తోంది. కాయను చేత్తో నలిపి తేమ చెప్పడం, రైతుకు కోపం రాకుండా రంగు పోయిన తాలు కాయ ఏరించడం తండ్రి దగ్గరే నేర్చుకుంది. మొన్న బస్తాలకు మార్కా వేస్తుంటే రేకు అరిగిపోయి గొడుగు కాడ విరిగింది, చివరి రెండు అక్షరాలు కలిసిపోయాయి. కొత్త రేకు కోయించక తప్పదు. కింద పేరు ఉంచమంటారా తీసేయమంటారా అని ఆమె తండ్రిని అడిగింది.

“మీ ఆయన్ని అడుగు, జవాబొచ్చిందేమో” అన్నాడట.

ఆమె ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నన్ను అడిగింది. ఇంత కాలం నా వెనక నవ్విన మనిషి కాదు ఆమె. నేను రాసిన మెయిళ్ళలో ఇంగ్లీషు తప్పులు దిద్దింది ఆమే. భాయ్ కూడా అక్కడే ఉన్నాడు. ‘ఉంచెయ్యండి వదినా, మాయన్న బతికుండగా ఆ దొరలకు నిద్రుండదు’ అన్నాడు. నేను నవ్వలేదు. నా మాట మీద రేకు కోయించడానికి మామయ్య ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. ఇది మేము తేల్చుకునేది కాదు, మీరు చెప్పాల్సింది.

అందుచేత, పేర్లకు పెద్దలుగా కూర్చున్న అయ్యలారా, ఇది మీకే. మెయిల్ చేరలేదని ఈసారి అనకండి, అచ్చులో ఉంది. మంచి ప్రశ్న అనకండి. టీ ఇవ్వకండి. మిర్చి మాది కాదు అనాలనుకుంటే, ఎందుకు కాదో, ఎవరిది అవునో చెప్పండి. మా మామయ్య మాట తప్పే మనిషి కాదు, తనే స్వయంగా ఆ ముక్క తీయిస్తాడు. మాదే అనాలనుకుంటే అదీ చెప్పండి. కొత్త కాయ యార్డుకు రావడం మొదలైంది, ఖాళీ గోనెలు కొట్లో దొంతరలుగా ఉన్నాయి, రేకు కోసే మనిషి రోజూ వచ్చి ఏం కోయమంటారు అని అడిగి వెళ్తున్నాడు. అతనికి ఏం చెప్పమంటారు?